కొంగుల ముడేసిన చిట్టి

మా ఇంట్ల గొర్రెలకు కడుపుల పురుగులు పోవుతందుకు నట్టల మందు పోసేది నేనే. పెండ్లయి వచ్చిన రెండో యేటికే ఆ పని నా చేతికి వచ్చింది. గొర్రెను రెండు కాళ్ళ సందుల బిగిచ్చి పట్టాలె, దవడ పక్కనుంచి వేలు పెట్టి నోరు తెరవాలె, నాలుక మీద గొట్టం ఆనిచ్చి మెల్లగ వంచాలె. మందు గొంతు దిగింది లేంది చెయ్యికే తెలుస్తది. వాడకట్టుల ఎవరి గొర్రెపిల్ల నలతగున్నా నా కాడికే సంకన వేస్కొని వచ్చెటోళ్ళు. "మన డాక్టరమ్మ" అని నవ్వేటోళ్ళు. వాళ్ళు నవ్వుతందుకు అన్నా, నాకు లోపల మస్తు సంబురం. సంబురంతోని పాటు పొగరు గూడ పెరిగింది, అబద్ధమెందుకు చెప్పాలె. నాకు తెల్వని మందు లేదనుకున్న.

ఆ యేడు మా దిక్కు మేత లేకుండె. నా పెనిమిటి మందను తోల్కొని గద్వాల దిక్కు పోయిండు. ఆడ కోసిన పొలాలల్ల మంద ఆపితే రైతులకు ఎరువు, మాకు గింజలు. మా ముసలి కుక్క ఆ ముందటి నెలనే సచ్చిపోయింది. కుక్క లేని మంద కాడ తోడేళ్ళ భయం. అందుకని ఆయన వడ్డేపల్లి కాడ ఎవరినో బతిమిలాడి ఒక కుక్కపిల్లను అడుక్కున్నడు. మందను తోటోళ్ళ మీద ఇడిచి, దాన్ని గోనెసంచిల పెట్టుకొని బస్సుల గోపాల్‌పేట దాంక వచ్చి, ఆడినుంచి మా ఊరికి నడుస్కుంట వచ్చి, నా ఒళ్ళ పడేసిండు.

"రెండు నెలలల్ల మళ్ళొస్త. అప్పటికి ఇది గొర్రెల ఎంట ఉరకాలె. జర పైలం" అన్నడు. అన్నం తిని మళ్ళ తెల్లారే పోయిండు.

నల్లగ, మూతి కాడ ఒక్క తెల్ల మచ్చ. పొట్ట మాత్రం ఇంత, కాళ్ళు చీపురుపుల్లలు. దానికి పేరు పెట్టలే. మంద కుక్కకు ఆయనే పేరు పెడ్తడు, అది మా ఇంట్ల పద్ధతి.

నాకంటే ఎక్కువ దాన్ని పట్టుకున్నది పక్కింటి పిల్ల. పక్కిల్లు సాయిబులది. ఆ తల్లి గాజుల మలారం ఎత్తుకొని ఊరూరు తిరుగుతుండె, తండ్రి వనపర్తిల మెకానిక్ షెడ్డుల పనిచేసి వారానికి ఒకసారి వచ్చేటోడు. ఆమెను నేను అక్క అంట, నన్ను ఆమె చెల్లె అంటది. వాళ్ళ బిడ్డకు ఆరేండ్లు, నన్ను చిన్నమ్మ అని పిలుస్తుండె. బడి ఇడుస్తనే సంచి వాళ్ళ గడప మీద ఇసిరేసి మా వాకిట్లకొచ్చేది. వాళ్ళమ్మ చేసిన రొట్టెల సగం మా కుక్కపిల్లకే పోయేది.

ఒక పొద్దు అది దొడ్డికి పోతే దాంట్ల తెల్లటి పురుగులు కనపడ్డయ్. ఓహో, పొట్ట ఉబ్బింది గిందుకా అనుకున్న. పురుగులంటే నట్టలే. నట్టలంటే నాకు తెల్వంది ఏమున్నది? మంద గద్వాల పోకముందు పశువుల దవాఖానోళ్ళు ఊర్లెకు వచ్చి గొర్రెలకు మందు పంచి పోయిండ్రు. "మిగిలితే మాకు తిరిగి ఇయ్యండి, వేరే జీవాలకు పొయ్యకుండ్రి" అని పదిసార్లు చెప్పిండ్రు గూడ. నేను మాత్రం ఒక చిన్న సీసల నింపి, గూట్ల జొన్నల డబ్బా ఎనుక పెట్టుకున్న. ఎప్పటికన్నా పనికొస్తది కద అని.

గొర్రెపిల్లకు ఒక మూత. ఇది గూడ పిల్లనే కద. ఇంకేం ఆలోచన చెయ్యలే. కాళ్ళ సందుల బిగిచ్చిన, నోరు తెరిచిన, మూత నిండ పోసిన. మంచిగ గుటుక్కున మింగింది. చెయ్యి కడుక్కొని జొన్నలు చెరుగుతందుకు కూసున్న. అత్త చూడలే, ఆమె పొయ్యి కాడ ఉండె.

గంట గాలే. కుక్కపిల్ల వాకిట్ల గుండ్రంగ తిరగవట్టింది. తిరిగి తిరిగి గోడకు గుద్దుకున్నది. నోట్లెకెల్లి చొల్లు, సన్నటి తీగ కాదు, నురుగు నురుగు. కాళ్ళు వణుకుతున్నయ్. కక్కింది, మళ్ళ కక్కింది, దొడ్డికి నీళ్ళు నీళ్ళు పోయింది. గూటి దిక్కు చూసిన, సీస ఆడనే ఉన్నది, జొన్నల డబ్బా ఎనుక.

అప్పుడే ఆ పిల్ల ఉరికొచ్చింది. ఆదివారమది, బడి లేదు. "చిన్నమ్మా, దీనికేమైంది?" అని దాని మూతిని రెండు చేతులతోని పట్టుకున్నది. కుక్కపిల్ల ఆ చేతులు నాకింది. పిల్ల అరచెయ్యి ముందటి రోజే ఆటల కింద పడి గీరుకపోయి ఉండె.

ఎవరో చూసిండ్రు. "ఓ పిల్లా, జరుగు! పిచ్చి లేసింది దానికి!" అని అరుపు. గడియల వాకిలి నిండింది. ఎదురింటి పెద్దాయన కట్టె పట్టుకొని వచ్చిండు. పక్కింటి అక్క మలారం దింపి ఉరికొచ్చి బిడ్డను గుంజుకున్నది. నేను కుక్కపిల్ల మీద వంగి నిలబడ్డ.

"పిచ్చి గాదు! నా కుక్కకు పిచ్చి ఏంది!" అని నేను గూడ అరిచిన.

"మరి ఏమైంది చెప్పు?" అన్నడు పెద్దాయన.

అప్పుడు నా నోట్లెకెల్లి వచ్చిన మాట ఇప్పటికి గూడ నన్ను కూసోనియ్యదు. "గీ పోరే ఏదో తినిపిచ్చింది! రోజూ ఏదో ఒకటి కుక్కుతనే ఉంటది దాని నోట్లె!" అన్న.

పిల్ల నా దిక్కు చూసింది. వాళ్ళమ్మ దాన్ని ఆడనే, అందరి ముందటనే, ఈపు మీద నాలుగు సరిచింది. "ఏం పెట్టినవే? చెప్పు! ఏం పెట్టినవ్?" పిల్ల ఏడ్చుకుంట "రొట్టె" అన్నది. మళ్ళొక దెబ్బ పడ్డది. నేను చూస్కుంట నిలబడ్డ. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలే.

గంపల గోనెసంచి పరిచి, దాంట్ల కుక్కపిల్లను పెట్టి, మీద ఇంకొక బట్ట కప్పి రోడ్డు మీదికి ఉరికిన. "కుక్కకు దవాఖాననా? నీకేమన్న నెత్తి ఖరాబైందా?" అని అత్త ఎనుకనుంచి అరుస్తనే ఉన్నది. జీపు దొరికింది. వనపర్తి దాంక జీపుల ఎవ్వరు నా పక్కన కూసోలే.

పశువుల దవాఖానల ఒక ఎనుమును పైపుల నడుమ కట్టేసి చూస్తుండ్రు. డాక్టర్ సారు చేతులు కడుక్కొని వచ్చి గంప మీది బట్ట తీసిండు. తీసి, రెండడుగులు ఎనుకకు పోయిండు.

"ఏం పెట్టిండ్రమ్మా దీనికి?"

"ఏం పెట్టలే సారు."

"మందు గిందు ఏమన్నా పోసినవా?"

ఈ సారే. మా ఊరికొచ్చి వేరే జీవాలకు పొయ్యొద్దని చెప్పింది ఈ సారే. "ఏం పొయ్యలే సారు" అన్న.

"అయితే పిచ్చి అనుమానం ఉన్నది. ఎవ్వరు ముట్టుకోవద్దు. వేరుగ కట్టేసి పది దినాలు చూడాలె. ఎవరినన్నా కరిచిందా, నాకిందా?"

"పక్కింటి పిల్ల చెయ్యి నాకింది."

"గీరుకపోయిందా ఆ చెయ్యి?"

తల ఊపిన.

"అయితే పెద్ద దవాఖానకు పోయి సూదులు మొదలు పెట్టిచ్చుకోమను. జాగు చెయ్యొద్దు."

"మరి దీనికి సూది వెయ్యరా సారు?"

"అది పిచ్చి అయితే దానికి సూది లేదమ్మా" అన్నడు. అని మళ్ళ ఎనుము కాడికి పోయిండు.

గంప ఎత్తుకొని బయట రేకుల షెడ్డు కిందికి వచ్చిన. కూసున్న. లేచిన. నల్లా దాంక పోయిన, నీళ్ళు తాగలే, మళ్ళొచ్చిన. బట్ట తీసి చూస్తే కుక్కపిల్ల కండ్లు తేలేసి, నాలుగు కాళ్ళు చాపి కొట్టుకుంటున్నది. గేటు దాంక పోయిన. గేటు బయట జీపు నిలబడి ఉన్నది, ఎక్కి ఊరికి పోతే అయిపోతది, ఇది తొవ్వల్నే సస్తది, ఎవ్వరికీ తెల్వదు. ఆ ఆలోచన వచ్చింది నాకు, రాలే అంటే తప్పు. గేటు కాడ నిలబడి పండ్లు పటపట కొరుక్కున్న. నా మీద నాకే కోపం, ఎవరి మీద తీర్చుకోవాల్నో తెల్వదు. ఎనుకకు మళ్ళి ఉరికిన.

"సారు, గొర్రెల మందు పోసిన" అన్న. ఎనుము గలాయన, ఇంకో నలుగురు అందరు ఉండంగనే అన్న.

"ఎంత?"

"ఒక మూత."

"గొర్రెపిల్లకెంత పోస్తరు?"

"ఒక మూత."

సారు చేతుల ఉన్న సూది కాంపౌండర్ చేతుల పెట్టేసి నా దిక్కు తిరిగిండు. "గొర్రెపిల్ల పది కిలోలుంటది. ఇది రెండు కిలోలన్న ఉన్నదా? అసలే ఈ మందు కుక్కపిల్లలకు పడదు. గొర్రెలోళ్ళ ఇంట్ల పుట్టి పెరిగినవ్, గింత తెల్వదా?" అని తిట్టిండు. తిట్టుకుంటనే గంప లోపలికి ఎత్తుకపోయిండు. నాకు తిట్లు చెవులకు ఎక్కలే. లోపలికి తీస్కపోయిండు కద, అదే చాలనుకున్న.

ముందటి కాలుకు ఒక సూది ఇచ్చిండు. కొంచెం సేపు చూసి ఇంకొకటి. మెడ కాడ తోలు కింద సెలైన్ ఎక్కిచ్చిండు, ఆడ నిమ్మకాయంత బుగ్గ లేచి మెల్లమెల్లగ దిగింది. పొద్దు వాలేటాళ్ళకు చొల్లు ఆగింది. కాళ్ళు కొట్టుకునుడు తగ్గింది. పానం ఉన్నదో లేదో అన్నట్టు పడుకున్నది గని, కడుపు ఎగుస్తున్నది, నేను చెయ్యి పెట్టి చూసిన.

"బతకొచ్చు. నాలుగైదు దినాలు రోజూ తేవాలె, సెలైన్ ఎక్కియ్యాలె. గంజి చెంచతోని పొయ్యి. గొట్టంతోని పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతది, గొట్టం ముట్టకు" అన్నడు సారు. అని ఒక కాయితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చిండు. "ఇది పిచ్చి గాదు, మందు ఎక్కువైందని రాసిన. ఆ పిల్ల తల్లికి ఇయ్యి. పెద్ద దవాఖానల చూపిస్తే సూదులు ఆపేస్తరు. పాపం, బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు, చిన్న పిల్ల."

చిట్టిని నాలుగు మడతలు పెట్టి కొంగుల ముడేసుకున్న. సక్కగ వాళ్ళింటికే పోవాలె అనుకున్న. పోయిన గూడ.

గడపల కాలు పెట్టిన్నో లేదో అక్క ఎదురొచ్చింది. కండ్లు వాచి ఉన్నయ్. పిల్ల మంచం మీద పక్కకు తిరిగి, కడుపు పట్టుకొని పడుకున్నది. పిచ్చేమోనన్న భయానికి నా ఎనుకనే వాళ్ళు గూడ వనపర్తి పోయి వచ్చిండ్రంట, మొదటి సూది పడ్డదంట. నేను నోరు తెరిచేలోపల అక్క నా రెండు చేతులు పట్టుకున్నది.

"చెల్లె, మాఫ్ చెయ్యి. నీ కుక్కపిల్ల పానం మీదికి తెచ్చింది నా బిడ్డ. ఎంత కొట్టినా ఏం పెట్టిందో చెప్తలేదు. రొట్టె, రొట్టె అంటది అంతే. నీ మొగడు వస్తే నేనే కాళ్ళు పట్టుకుంట."

గిట్ల మాట్లాడితే ఎవరన్నా ఏం చెయ్యాలె? ఆమె నన్ను తిట్టి ఉంటే, ఒట్టు, ఆ కోపంల నేను చిట్టి తీసి మొఖాన కొట్టేదాన్ని. ఆమె మాఫీ అడిగింది. "పోనీ అక్క, పోనీ" అనుకుంట ఎనుకకు నడిచి ఇంటికి వచ్చిన.

రేపు చెప్త అనుకున్న. తెల్లారి బస్సుల నేను గంపతోని, వాళ్ళు ఎదురు సీట్ల. మా ఊరి నుంచి వనపర్తికి పొద్దటి బస్సు ఒక్కటే. నేను పశువుల దవాఖానకు, వాళ్ళు మనుషుల దవాఖానకు. నేను కొంగు ముడి ఇప్పుతున్న, వేస్తున్న, ఇప్పుతున్న. చిట్టి చెమటకు మెత్తగైంది. చెప్పుదామని నోరు తెరుస్త, "ఈ తొవ్వ ఖరాబున్నది కద అక్క" అని ఏదో ఒకటి అంట. అక్క "ఆఁ చెల్లె" అంటది.

సారు అడిగిండు: "చిట్టి ఇచ్చినవా?"

"ఇచ్చిన సారు."

కుక్కపిల్ల ఆ రోజు గంజి నాలుగు చెంచలు ఉంచుకున్నది, అయిదోది కక్కింది. మెడ కాడ మళ్ళ సెలైన్ బుగ్గ. నాకు ఇంట్ల కాలు నిలవలే. వాకిలి ఊడ్చిన, మళ్ళ ఊడ్చిన. రొట్టె మాడగొట్టిన. కిరాణా దుకాణానికి ఆయన ఫోన్ వచ్చిందంటే ఉరికి పోయి, "కుక్కపిల్ల మంచిగనే ఉన్నది" అని పెట్టేసిన. అత్తతోని అడ్డం పొడుగు కొట్లాడిన, దేనికో గూడ యాదికి లేదు. నాగర్‌కర్నూల్ పోయి మా అమ్మ ఇంట్ల నాలుగు దినాలు పడి ఉందామా అనిపించింది. కుక్కపిల్లను ఎవరు చూస్తరు? అదొక్కటే నన్ను ఆపింది. పక్కింట్ల మలారం మూలకు పడి ఉండె, అక్క బేరానికి పోవుడే బందైంది. గోడ మీదికెల్లి కనపడుతనే ఉండె.

మూడో రోజు గూడ అదే బస్సు. ఆ రోజు పిల్ల సీట్ల సక్కగ కూసోలే, ఒక పక్కకు ఒరిగి కూసున్నది. బస్సు ఎగిరినప్పుడల్ల కండ్లు మూసుకుంటున్నది. నేను కిటికీ దిక్కు మొఖం తిప్పుకున్న. ఇంక ఇప్పుడు చెప్తే "మొన్ననే ఎందుకు చెప్పలే" అంటది కద. రోజు పోయినకొద్ది ఆ మాట బరువైతనే ఉండె. సారు ఆ రోజు నన్నేం అడగలే. కుక్కపిల్ల గంజి మొత్తం తాగింది. దాని మూతి తుడుచుకుంట నేను ఏడ్చిన. సారు సంతోషానికి అనుకున్నడు.

నాలుగో రోజు పొద్దుగాల కుక్కపిల్ల లేచి నిలబడ్డది. వణుక్కుంట నాలుగడుగులు వేసి నా కాలు వేలు కొరికింది. ఇంక బతికినట్టే. బస్సుల గంపలకెల్లి తల బయటికి పెట్టి చూడవట్టింది. చూసుకుంట చూసుకుంట ఎదురు సీట్ల పిల్లను గుర్తుపట్టింది, కుయ్ కుయ్ మని తోక ఊపింది.

పిల్ల చెయ్యి చాపలే. రెండు చేతులు తొడల కింద పెట్టుకొని వాటి మీద కూసున్నది. కుక్కపిల్లనే చూసుకుంట మెల్లగ నాతోని అన్నది:

"చిన్నమ్మా, నేను రొట్టె ఒక్కటే పెట్టిన. ఇంకేం పెట్టలే. ఆ రొట్టె నేను గూడ తిన్న. మరి నాకేం కాలే కద?"

నాలుగు దినాల నుంచి ఆరేండ్ల పిల్ల ఇదే ఆలోచన చేస్తున్నది. సూదుల గురించి కాదు.

"నువ్వు కాదు బిడ్డ" అన్న. మళ్ళ అన్న. "నువ్వు కాదు. నేనే గొర్రెల మందు పోసిన. దానికి పిచ్చి లేదు. సారు చిట్టి రాసిచ్చిండు." కొంగు ముడి పండ్లతోని ఇప్పిన. బస్సుల అందరు ఇన్నరు.

అక్క చిట్టి తీసుకున్నది. ఆమెకు చదువు రాదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కోపం చేస్తదనుకున్న, చెయ్యలే. "అంటే నా బిడ్డకు ఏం భయం లేదు కద?" అన్నది. "లేదక్క." "అల్లా" అని పైకి చూసింది. తర్వాత నా మొఖం చూడకుంట, "నాకు చెప్పుతందుకు రాదు. దవాఖానల నువ్వే చెప్పు, రా" అన్నది.

గంప భుజం మీద పెట్టుకొని వాళ్ళ ఎంట పోయిన. లోపల సూదులిచ్చే గదిల పిల్ల ఎవ్వరు చెప్పకముందే బల్ల ఎక్కి పడుకున్నది. గౌను పైకి గుంజుకున్నది. కండ్లు గట్టిగ మూసుకున్నది. బొడ్డు చుట్టు మూడు బుగ్గలు, ఎర్రగ ఉబ్బి ఉన్నయ్.

నేను మొత్తం చెప్పిన. డాక్టరు చిట్టి అందుకొని చదివిండు. "సరే, ఇంక సూదులు అక్కర్లేదు. కుక్కను మాత్రం ఇంకో వారం కట్టేసి చూసుకోండ్రి" అన్నడు. చిట్టి తిరిగి ఇయ్యబోయి, మళ్ళొకసారి చూసిండు.

"ఇది ఆదివారం నాడు రాసిచ్చిన చిట్టి కదమ్మా. ఇయ్యాల బుధవారం. ఎవరి కాడ ఉండె ఇన్ని దినాలు?"

అక్క నా దిక్కు తిరిగింది. వేళ్ళ మీద లెక్క వేసుకున్నది, పెదవులు కదిలినయ్. మొదటి సూది తెల్వక పడ్డది. తర్వాతి రెండు సూదులు నేను పొడిచినవి. ఆ లెక్క ఆమెకు అందింది, నాకు కనపడ్డది.

ఏదో ఒకటి అంటదని నిలబడ్డ. కొడ్తదేమో అనుకున్న, కొడితే మంచిగుండు అనుకున్న. నర్సు సూదుల పళ్ళెం పక్కకు జరిపింది, అది చప్పుడైంది. ఆ చప్పుడు ఇని పిల్ల గౌనును ఇంకా గట్టిగ పట్టుకొని, కండ్లు తెరవకుంటనే, "అమ్మీ, ఇయ్యాల నేను ఏడ్వను" అన్నది.